శ్రావణికి, ఆ కోర్టు కాగితం గురించి

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి మాఘమాసంలో ముహూర్తం అనుకుంటున్నామని చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను, సంతోషంతోనేలే, నువ్వు కంగారు పడకు. ఇన్నేళ్లు న్యూజెర్సీలో ఆ ఎడిసన్ ఊళ్లో ఒక్కదానివే ఉండి, ఉద్యోగం చేసుకుని, సిటిజన్‌షిప్ తెచ్చుకుని, ఇప్పుడు మళ్లీ ఒక మనిషిని నమ్మి పెళ్లికి సరేనన్నావంటే దానికి ఎంత గుండె ధైర్యం కావాలో నాకు తెలుసు. మన ఇంట్లో నీ అంత గట్టి పిల్ల ఇంకొకతి లేదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. విడాకుల కాగితాలు నీ దగ్గర లేవట, ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయాయట, నీ మొదటి భర్తకే వాట్సాప్ చేసి తెప్పించుకుంటానన్నావట. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

అతన్ని అడగొద్దు తల్లీ. అన్నిటికంటే ముందు ఇది చెప్తున్నా. ఆ కాగితం అతని సొత్తు కాదు. అది కోర్టు రికార్డు, ఆ కేసులో నువ్వూ ఒక పార్టీవి, ఎవరి దయా లేకుండా అడిగి తీసుకునే హక్కు నీకుంది. అతను పంపినా ఫోన్‌తో తీసిన ఫోటో పంపుతాడు, అది ఎక్కడా చెల్లదు. పైగా ఎందుకు, ఎవరితో, ఎప్పుడు అని ప్రశ్నలు. ఆ తలుపు నువ్వే మూసి వచ్చావు. నీ చేత్తో మళ్లీ తియ్యకు.

ఇక కౌంటీ సంగతి. అప్పట్లో మీరు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో కాపురం ఉన్నారు కాబట్టి మెకిన్నీలో కాలిన్ కౌంటీ వాళ్లకు రాద్దామనుకుంటున్నావని విన్నాను. అసలు ఫ్రిస్కోనే సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. ఇంతకీ నీకు కావలసింది మీరెక్కడ కాపురం ఉన్నారన్నది కాదు, కేసు ఎక్కడ వేశారన్నది. టెక్సాస్‌లో విడాకులకు వెయ్యాలంటే ఇద్దరిలో ఒకరు ఆ రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. కేసు వేసింది అతను. అప్పటికే విడిగా ఇర్వింగ్‌లో ఉంటున్నాడు. ఇర్వింగ్ అంటే డాలస్ కౌంటీ. కాబట్టి నీ ఫైలు డౌన్‌టౌన్‌లో 600 కామర్స్ స్ట్రీట్, జార్జ్ అలెన్ కోర్టు బిల్డింగులో డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉండాలి. కౌంటీ క్లర్క్ వేరు, డిస్ట్రిక్ట్ క్లర్క్ వేరు, అది గుర్తుపెట్టుకో. పెళ్లి లైసెన్సులు, భూముల దస్తావేజులు మొదటివాళ్లవి, విడాకులు రెండోవాళ్లవి.

లాయరు ఆఫీసులో ఫైళ్లు చూసిన రోజుల్లో నేను ఆ బిల్డింగుకు తరచూ వెళ్లేదాన్ని. పక్కనే 1892లో కట్టిన ఎర్ర రాతి పాత కోర్టు ఉంటుంది. కౌంటర్ దగ్గర మనవాళ్లు ఎవరైనా కనిపిస్తే, ఎక్కడ తెలుగులో పలకరిస్తానో అన్నట్టు మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు. పాతికేళ్లు నిండని పిల్లలు కూడా దొంగతనం చేసినవాళ్లలా నిలబడేవాళ్లు. నాకు కడుపు తరుక్కుపోయేది. నువ్వలా నిలబడకూడదు.

వెళ్లకపోయినా పని అవుతుంది, క్లర్క్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. అక్కడే మన పేర్లతో తిప్పలు. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చూడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఎఫ్ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని కూడా ఎక్కిస్తారు. నీ పేరులో ఎస్ పక్కన హెచ్ ఉన్నట్టూ, లేనట్టూ రెండు రకాలుగా కొట్టు. దొరక్కపోతే అతని పేరుతో వెతుకు, కేసు వేసింది అతనే కదా. ఇంకో దారి, నీ పాత మెయిల్. అప్పుడు నువ్వు కోర్టుకు వెళ్లలేదు, నోటీసు అక్కర్లేదంటూ వెయివర్ మీద సంతకం పెట్టి, నోటరీ చేయించి పంపావు గుర్తుందా? దాని పైభాగంలో కాజ్ నంబరు, అదే కేసు నంబరు, ఉంటుంది. ఆ నంబరు దొరికితే ఇక వెతుకులాటే ఉండదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మా మరిది, అదే మీ చిన్న బాబాయ్, రెండో పెళ్లప్పుడు ఎన్ని అవస్థలు పడ్డాడో నీకు తెలియదు, అప్పుడు నువ్వు ఇంటర్ చదువుతున్నావు. అతని విడాకులూ డాలస్‌లోనే. అంతా అయ్యాక అతని లాయరు పీడీఎఫ్ ఒకటి పంపాడు. పైన పెద్ద అక్షరాలతో ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్, అంటే విడాకుల తుది తీర్పు, అని ఉంది, పేజీలన్నీ ఉన్నాయి, ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఇదే డిక్రీ అనుకుని దాచుకున్నాడు. దాచుకున్నాడే గానీ ఒక్కసారి కూడా తెరిచి చదవలేదు, చదవబుద్ధి కాలేదని తర్వాత చెప్పాడు. అట్లాంటా మారాడు, తెనాలిలో పెళ్లి చేసుకున్నాడు, వచ్చి భార్యను అమెరికా తెచ్చుకోవడానికి ఐ-130 దరఖాస్తు వేస్తూ ఆ పీడీఎఫ్ ప్రింటు తీసి జత చేశాడు. కొన్నాళ్లకు ఇమిగ్రేషన్ నుంచి ఉత్తరం, మొదటి పెళ్లి రద్దయినట్టు సరైన రుజువు పంపమని. అప్పుడైనా నన్ను అడగొచ్చుగా? సిగ్గుపడ్డాడు. ఎవరో చెప్పారని ఆస్టిన్‌లో స్టేట్ వైటల్ స్టాటిస్టిక్స్ అనే రికార్డుల ఆఫీసుకు 20 డాలర్లు కట్టి ఒక వెరిఫికేషన్ లెటర్ తెప్పించి పంపాడు. ఆ లెటర్‌లో ఏముంటుందంటే, 1968 నుంచి టెక్సాస్‌లో అయిన విడాకుల పట్టికలో ఫలానా ఇద్దరి పేర్లు, తేదీ, కౌంటీ ఉన్నాయని. అంతే. అది డిక్రీ కాదు, డిక్రీ బదులు చెల్లదు. అలాంటి ఉత్తరానికి జవాబు ఒక్కసారే ఇవ్వనిస్తారు, అవకాశం అలా పోయింది. దరఖాస్తు కొట్టేశారు.

ఆ పిల్ల తెనాలిలో పుట్టింట్లోనే ఉండిపోయింది. ప్రయాణం ఎప్పుడమ్మా అని ఇరుగుపొరుగు అడిగితే గుడికి వెళ్లడం కూడా మానేసింది. ఒకరోజు వాళ్ల నాన్న, పెద్దాయన, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఫోన్ చేసి "బాబూ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకు. మీకసలు విడాకులు అయ్యాయా?" అన్నాడట. ఆ రాత్రి మా మరిది మా ఇంటికి ఫోన్ చేశాడు. కాగితాలన్నీ పంపమన్నాను. చివరి పేజీ తిప్పి చూస్తే జడ్జి సంతకం చెయ్యాల్సిన గీత ఖాళీ, తేదీ ఖాళీ. అది లాయరు తయారుచేసిన చిత్తు ప్రతి. అసలుది తర్వాత జడ్జి సంతకంతో ఫైలయింది. దాన్ని ఇతనికి ఎవరూ పంపలేదు, ఇతనూ అడగలేదు. కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ, అంటే అసలుకు నిజమైన నకలని క్లర్క్ ముద్ర వేసి ఇచ్చేది, తెప్పించి చూస్తే అందులో ఒక లైను జడ్జి పెన్నుతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంది. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియనే తెలియదు. మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. వాళ్ల కాపురం ఇప్పుడు బాగుంది, కానీ ఆ పెద్దాయన అడిగిన మాట మా మరిది ఇప్పటికీ మర్చిపోలేదు.

నీ కాబోయే అత్తమామలు నిన్ను ఆ మాట అడిగే పరిస్థితి రాకూడదు. అందుకే ఇంత చెప్తున్నా.

క్లర్క్‌కు రాసేటప్పుడు విడాకుల కాగితాలు కావాలి అని రాయకు. ఫైనల్ డిక్రీ, అన్ని పేజీలు, ఎగ్జిబిట్లతో, అంటే జత చేసిన కాగితాలతో సహా, సర్టిఫైడ్ కాపీ అని రాయి. తర్వాత తప్పులు దిద్దుతూ ఏదైనా ఆర్డరు ఇచ్చి ఉంటే అదీ అడుగు. ఖర్చు పేజీకి డాలరు, మీద సర్టిఫికేషన్ ఫీజు. ఈమెయిల్‌లో పంపేది కాదు, ముద్ర వేసిన కాగితమే కావాలను. నెట్‌లో విడాకుల రికార్డులు తెచ్చిపెడతామని డబ్బులు గుంజే ప్రైవేటు సైట్లు కనిపిస్తాయి, వాటి జోలికి పోకు. ఆస్టిన్ లెటర్ కూడా అక్కర్లేదు, డాలస్‌లో కేసు కనిపించకపోతే ఏ కౌంటీయో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

దానితో పాటు నువ్వు సంతకం పెట్టిన వెయివర్ కూడా సర్టిఫైడ్ కాపీ తీసుకో. ఎందుకో చెప్తా విను. నీ మొదటి పెళ్లి మన దేశంలో హిందూ వివాహ చట్టం కింద అయింది. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భర్త మిస్సోరీలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో, భార్య రాకుండానే 1980లో విడాకులు తీసుకుని, మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులు మన దేశంలో చెల్లవని కోర్టు అంది. అతను చూపించిన ఫోటోస్టాట్ కాపీ సాక్ష్యంగా పనికిరాదని కూడా అంది. అయితే అవతలి మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే సంగతి వేరని అదే తీర్పులో ఉంది. నువ్వు ఒప్పుకునే సంతకం పెట్టావు కదా, ఆ సంతకం కనిపించే కాగితం నీ చేతిలో ఉండాలి. విజయవాడలో ఒక మంచి ఫ్యామిలీ లాయరుకు రెండూ చూపించు, ముహూర్తం ఖాయం చేసుకునేలోపే.

ఇండియాకు పంపే కాపీకి ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశం ఒప్పుకునే ధ్రువీకరణ, వేయించు, కాగితానికి 15 డాలర్లు. మన దేశం 2005 నుంచి ఆ అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్పు, పిన్ను తియ్యవని. నీకు ప్రతిదీ స్కాన్ చేసే అలవాటు. పేజీలు విడదీస్తే సర్టిఫికేషన్ చెల్లదంటారు. పిన్ను ఉండగానే పేజీలు మడిచి ఫోన్‌తో ఫోటోలు తీసుకో.

రాగానే చివరి పేజీ చూడు. జడ్జి సంతకం, తేదీ, క్లర్క్ ముద్ర. మొదటి పేజీలో నీ పేరు స్పెల్లింగు. తర్వాత మొత్తం చదువు. అందులో నిన్ను చిన్నబుచ్చే మాటలు ఉంటాయని భయపడుతున్నావేమో, టెక్సాస్‌లో ఎక్కువ కేసుల్లో ఉండేది ఇద్దరికీ పొసగక కాపురం నిలవలేదన్న మాటే. ఒంటరిగా చదవలేకపోతే ఫోన్ చెయ్యి, నేను లైన్లో ఉంటా, నువ్వు చదువుతుంటే వింటా. న్యూయార్క్‌లో అయితే విడాకుల ఫైళ్లు 100 ఏళ్లు బయటివాళ్లకు చూపించరు. టెక్సాస్‌లో అలా కాదు, ఎవరైనా అడగొచ్చు. అయినా ఆస్తులు, అకౌంట్ల వివరాలున్న పేజీలు పెళ్లి పెద్దల వాట్సాప్ గ్రూపులో తిరగాల్సిన అవసరం లేదు. పెళ్లికొడుక్కి మొత్తం చూపించు, అతని దగ్గర దాచాల్సింది ఏమీ లేదు. మీ అమ్మకు మాత్రం ఫోటోలు పంపకు, అది సంబరంలో అందరికీ పంపేస్తుంది.

మూడు కాపీలు తీసుకో. ఒకటి ఇండియాకు, ఒకటి పెళ్లికొడుకు వీసా పనికి, ఒకటి ఇంట్లో. కాజ్ నంబరు దొరికిందో లేదో ఆదివారం లోపు చెప్పు. దొరక్కపోతే నేనే క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ