40 వేల వరుసల ఎక్సెల్ ఫైలు నత్తనడక నడుస్తోంది, ర్యామ్ పెంచాలా?

ర్యామ్ మీద డబ్బు పెట్టే ముందు ఫైలు లోపల ఒకసారి చూడండి. నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల కొనుగోలుదారు దగ్గర లెక్కలు రాస్తాను. మాదీ సరిగ్గా మీ సమస్యే. పట్టుబడుల రోజుల్లో కిలోలు కొట్టి ఎంటర్ నొక్కితే, కింద శాతం పెరుగుతూ స్క్రీన్ బిగుసుకుపోయేది. ఎదురుగా చీటీ కోసం రైతు, బయట ఐసు వ్యాను.

మా దగ్గర అసలు దొంగ, ఈరోజు తేదీ చూపించే టుడే ఫార్ములా. మేత బాకీకి ఎన్ని రోజులైందో తెలియాలని ప్రతి వరుసలో పెట్టాం. షీట్‌లో ఏ సెల్ మార్చినా టుడే మళ్లీ లెక్క కట్టుకుంటుంది. దాని మీద ఆధారపడ్డ వడ్డీ, మొత్తం బాకీ సెల్స్ అన్నీ దాంతోపాటే లేస్తాయి. నౌ, ఆఫ్‌సెట్, ఇండైరెక్ట్ కూడా ఇదే బాపతు. టుడేని ఒక్క సెల్‌లోనే ఉంచి అన్నీ దానికి కలిపినా ఇదే తంతు. అందుకే ఇప్పుడు పొద్దున్నే ఒక సెల్‌లో తేదీ నేనే వేస్తాను. కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కితే చాలు. వరుసలన్నీ ఆ సెల్‌నే చూస్తాయి. ఈ ఒక్క మార్పుతోనే మాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పాత పంటలు. లెక్క తేలిపోయిన రైతు 50 కౌంట్ (కిలోకి 50 రొయ్యలు) రేటు కోసం వి-లుకప్, అంటే పట్టికలో వెతికి తెచ్చే ఫార్ములా, ఇంకా వెతుకుతూ ఉండటం దేనికండి? ఫైలు కాపీ ఒకటి దాచి, ఆ వరుసల్ని పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా మార్చేయండి, ఫార్ములా పోయి అంకె మాత్రమే మిగులుతుంది.

షీట్‌లో వాడిన చివరి సెల్ ఎక్కడుందో కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కి చూడండి. మాకు కర్సర్ మూడు లక్షల వరుసలు దాటి ఆగింది. ముందుముందు పనికొస్తాయని ఎవరో ఫార్ములాలు అక్కడిదాకా లాగి వదిలేశారు. ఎంట్రీలు లేని ఆ వరుసల్ని మొత్తంగా డిలీట్ చేసి సేవ్ చేయాలి.

కాలిక్యులేషన్‌ని మాన్యువల్‌లో, అంటే ఎఫ్9 నొక్కితేనే లెక్క కట్టేలా, పెట్టమని చాలామంది చెబుతారు. డబ్బు లెక్కల్లో నాకది భయం. ఒకసారి రేటు మార్చి ఎఫ్9 నొక్కడం మరిచి చీటీ ప్రింట్ తీశాను. పాత రేటుతోనే వచ్చింది. ఆ రైతు ఆకివీడు నుంచి మళ్లీ రావాల్సి వచ్చింది, ఆ రోజు చాలా బాధపడ్డాను. పైగా మొదట తెరిచిన ఫైలు మాన్యువల్‌లో ఉంటే తర్వాత తెరిచినవీ అలాగే నడుస్తాయి. తప్పదనుకుంటే, కింది పట్టీలో ‘కాలిక్యులేట్’ అని కనబడుతున్నంతసేపూ ప్రింట్ జోలికి పోకండి.

టుడే తీసేశాక కూడా ఆగుతుంటే, ఏ కాలమ్‌లో ఏ ఫార్ములా ఉందో రాయండి, చూస్తాను.