8,000 గంటలు నడిచిన పొక్లెయిన్: ఉంచాలా, అమ్మాలా?

టెక్కలి గ్రానైట్ క్వారీలో 8,000 గంటలు నడిచిన పొక్లెయిన్‌ని ఇంకో ఏడాది ఉంచాలా అని ఒకరు అడిగారు. కొన్న ధరలోంచి ఇప్పుడొచ్చే రీసేల్ తీసేసి, ఇంతవరకు అయిన రిపేర్లు కలిపి, మొత్తం గంటలతో భాగించండి. ఉదాహరణకి 60 లక్షలకు కొన్నారు, ఇప్పుడు 28 వస్తుంది, రిపేర్లకు 16 అయింది: 48 లక్షలు, అంటే సగటున గంటకు 600 రూపాయలు.

వచ్చే ఏడాది లెక్క విడిగా వేయండి. 2,000 గంటల్లో రీసేల్ 6 లక్షలు పడి, రిపేర్లు 8 లక్షలైతే గంటకు 700. సగటు దాటింది, అమ్మేయాల్సిందే. కొత్త బండి ధర బాగా పెరిగుంటే మాత్రం 600తో కాదు, దాని గంట ఖర్చుతో పోల్చండి.

చాలామంది తప్పేది రిపేర్ల అంచనాలోనే. గ్రానైట్ మీద అండర్‌క్యారేజీ (బండి కింద చైన్, రోలర్లున్న భాగం) త్వరగా పోతుంది. చైన్ లింకుల్ని కలిపే పిన్నులు, బుష్‌లు అరిగి చైన్ సాగితే, దాన్ని తిప్పే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్ పళ్ళనూ తినేస్తుంది. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ ఎక్కిస్తే అదీ త్వరగా పాడవుతుంది, కాబట్టి సెట్టు మొత్తానికి కొటేషన్ తెచ్చి ఆ 8 లక్షల్లో కలపండి. బండి ఆగిన రోజుల్లో టిప్పర్లకిచ్చే వెయిటింగ్ ఛార్జీ కూడా అందులోదే. డీజిల్ గంటకు ఎన్ని లీటర్లు పెరిగిందో అంతే వేయండి.

నిరుడు ఇంజన్‌కి బోలెడు పెట్టామని మాత్రం ఉంచుకోకండి. ఆ డబ్బు వచ్చే ఏడాది లెక్కలోకి రాదు.