పానిక్ అటాక్, నా విజయనగరం రైలు

రాత్రి బస్సులో రెండుసార్లు పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం) వచ్చిందనీ, ఈసీజీ బాగానే ఉందన్నారనీ, మాత్రలు లేకుండా బయటపడొచ్చా అనీ మీరు అడిగారు. నేను బయటపడ్డాను, కానీ ఏడాది పైనే పట్టింది.

మాది ఒడిశాలోని రాయగడ, బట్టల కొట్టు. సరుకు కోసం నెలకి రెండుసార్లు రైల్లో విజయనగరం వెళ్తాను. ఓసారి పార్వతీపురం దాటాక ఉన్నట్టుండి గుండె దడ, వేళ్ళు తిమ్మిర్లు, ఊపిరి అందడం లేదు, ఇక పోయాననే అనుకున్నాను. బొబ్బిలిలో దిగిపోయి ప్లాట్‌ఫాం మీద కూలబడ్డాను. పావుగంటలో అంతా సర్దుకుంది. అదే నా కొంప ముంచింది, ఎందుకంటే దిగాను కాబట్టే బతికానని నమ్మేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు తమ్ముణ్ణి పంపాను తప్ప రైలెక్కలేదు, మెల్లగా సంతకి వెళ్ళడం కూడా మానేశాను. గాలి సోకిందని అమ్మ మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్ళింది. అక్కడి జనాన్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

థైరాయిడ్, రక్తం, గుండె అన్నీ చూపించుకున్నాను. మీరు ఈసీజీ ఒక్కటే రాశారు, థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. నా చిక్కల్లా భయం గురించి చెప్పుకోవడంలో వచ్చింది. బేరాలాడడానికి నా ఒడియా సరిపోతుంది గానీ, డాక్టర్ దగ్గర ‘డర లాగుఛి’ (భయమేస్తోంది) అన్నాక ‘దేనికి?’ అని ఆయన అడిగితే మాట పెగల్లేదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడడానికి టెలీ మానస్ అని 14416 నంబరుంది, 2022లో కేంద్రం పెట్టింది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటిసారి మనసులో ఉన్నదంతా అక్కడే చెప్పుకున్నాను. తర్వాత విజయనగరంలో ఒక సైకాలజిస్టు దొరికారు. ఆవిడ దగ్గరికి వెళ్ళాలన్నా అదే రైలెక్కాలి, నా ఖర్మ!

ఆవిడ చెప్పింది వింటే సగం భయం పోయింది. గాబరాలో మనం గబగబా ఊపిరి తీసేస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, అది చూసి ఇంకా భయపడి ఇంకా గట్టిగా పీలుస్తాం. మామూలుగా ఓ పది నిమిషాల్లో ఆ గాబరా పైదాకా వెళ్ళి తర్వాత దానంతటదే దిగిపోతుంది, మనం రైలు దిగినా దిగకపోయినా. అందుకని ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమన్నారు. నేను ఒడియాలో లెక్కపెడతాను, దుయి, తిని, చారి అని, తెలుగంకెలైతే నోరు దానంతటదే అనేస్తుంది, మనసు మళ్ళీ గుండె మీదికే పోతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమని ఎవరైనా చెబితే వినకండి, అది మంచిది కాదు.

ఊపిరి కంటే నన్ను నిలబెట్టింది ఇంకోటుంది. రోజూ మేడమెట్లు గబగబా ఎక్కి, కావాలనే గుండె దడ తెచ్చుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. (గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా చెయ్యకండి.) తర్వాత రైలు. ముందు పార్వతీపురం వరకే, ఎంత దడొచ్చినా మధ్యలో దిగకూడదు. నాలుగైదుసార్లయ్యాక బొబ్బిలి. విజయనగరం చేరేసరికి ఎండాకాలం వచ్చేసింది. జేబులో పెట్టుకునే మాత్ర, చేతిలో నీళ్ళ సీసా కూడా ఇంట్లో వదిలేయమన్నారు, అవి ఉంటేనే బతుకుతానని మనసు నమ్ముతుందట. టీ నాలుగు నుంచి ఒకటికి తగ్గించాను, అదే అన్నిటికన్నా కష్టం.

మాత్రలంటే నాకు పగేం లేదు. మా బావ వాటితోనే బాగుపడ్డాడు. ఇప్పటికే మీరు వాడుతుంటే నా మాట విని ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టర్ని అడిగే తగ్గించండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇవన్నీ పక్కనపెట్టి ఈరోజే డాక్టర్ని కలవండి.

పూర్తిగా పోయిందా అంటే, మొన్న దసరా సరుకుకి వెళ్తుంటే బొబ్బిలి దాటాక మళ్ళీ మొదలైంది. పక్కనున్న ముసలావిడ ‘బాబూ, ఈ సంచి కాస్త పట్టుకో’ అని ములక్కాడల సంచి ఒళ్ళో పెట్టి నిద్రపోయింది. పట్టుకుని కూర్చున్నాను. మీరు ముందు పగటి బస్సులో అరగంట దూరం వెళ్ళి రండి, రాత్రి బస్సు సంగతి తర్వాత చూద్దాం.