రోమన్ చరిత్రకారులు, అధికారం, అంతర్యుద్ధం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రోమన్ చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది సెనేటర్లు, గవర్నర్లే అని చదివాను. అధికారంలో ఉన్నవాళ్ళే అధికారం గురించి రాస్తే ఎంతవరకు నమ్మొచ్చండీ?

జవాబు: లివీని పక్కన పెడితే మీరన్నది నిజమే, ఆయన పటావియం ఊరివాడు, ఏ పదవీ చేసినట్టు కనబడదు, జీవితమంతా రాస్తూనే ఉన్నాడు, 142 పుస్తకాలు రాస్తే మనదాకా వచ్చినవి 35. మిగతా పెద్దపేర్లు దాదాపు అన్నీ లోపలివాళ్ళవే. సాలస్ట్ సంగతి చూడండి, క్రీ.పూ. 50లో ఆయన్ని సెనేట్ (రోమ్ పెద్దల సభ) నుంచి గెంటేశారు, సీజర్ పక్షాన చేరి మళ్ళీ పైకొచ్చి ఆఫ్రికాలో గవర్నర్ అయ్యాడు, అక్కడ జనాన్ని దోచుకున్నాడని ఆరోపణ వచ్చింది, ఆ తర్వాత రాజకీయాలు వదిలేసి రోమ్‌ని దురాశ ఎలా తినేసిందో రాశాడు. క్రీ.పూ. 146లో రోమ్ పాత శత్రునగరం కార్తేజ్ నాశనమయ్యాక బయట శత్రువు భయం పోయింది, అక్కణ్ణుంచే పదవీకాంక్ష, డబ్బుపిచ్చి ముదిరాయి అని ఆయన వాదన. కొనేవాడు దొరికితే ఈ నగరం మొత్తం అమ్మకానికుంది అని జుగుర్త అనే నుమీడియా రాజు రోమ్ వదిలి వెళ్తూ అన్నట్టు రాసింది కూడా ఈయనే. మనిషి అలాంటివాడు కాబట్టి పుస్తకం పక్కన పడేద్దాం అంటే నేను ఒప్పుకోను, లంచం ఎక్కడ ఎలా చేతులు మారుతుందో దగ్గర నుంచి చూసినవాడు రాసిన పుస్తకం అది.

టాసిటస్ కూడా అంతే. డొమిషియన్ చక్రవర్తి లాంటి క్రూరుడి కింద పదవులు ఎక్కానని తన చరిత్ర పుస్తకం హిస్టరీస్ మొదట్లోనే చెప్పేస్తాడు, క్రీ.శ. 97లో కాన్సుల్ (రోమ్‌లో అన్నిటికన్నా పెద్ద పదవి) అయ్యాడు. డొమిషియన్ పోయాక తన మామగారు అగ్రికోలా గురించి రాసిన చిన్న పుస్తకంలో, డొమిషియన్ కాలంలో శిక్ష పడ్డ సెనేటర్ హెల్విడియస్‌ని జైలుకి లాక్కెళ్ళింది మా చేతులే అంటాడు, అంటే సెనేట్ మొత్తం ఆ పాపంలో పాలుపంచుకుంది, తనతో సహా అని. నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ మాట దగ్గరే. అలాగని కళ్ళు మూసుకుని నమ్మకండి, కోపం గానీ పక్షపాతం గానీ లేకుండా రాస్తానని తన ఇంకో చరిత్ర పుస్తకం ఆనల్స్ మొదట్లో మాటిచ్చి, టైబీరియస్ చక్రవర్తి దగ్గరకొచ్చేసరికి, కొడుకు డ్రూసస్‌కి విషం అందింది తండ్రి చేతుల మీదుగానే అన్న పుకారు మొత్తం పూసగుచ్చినట్టు చెప్పి, ఆ తర్వాత అది అబద్ధం అని వాదిస్తాడు. వాదన ఎంత బాగున్నా చదివినవాళ్ళ మనసులో పుకారే ఉండిపోతుంది, అది ఆయనకి తెలియదని నేననుకోను.

ప్రశ్న: సీజర్ రూబికాన్ దాటుతూ "పాచిక పడింది" అన్నాడట, నిజమేనా?

జవాబు: రూబికాన్ ఇటలీ సరిహద్దు నది, సైన్యంతో దాన్ని దాటడం చట్టవిరుద్ధం, పాచిక పడింది అంటే ఇక వెనక్కి తిరిగేది లేదని. సీజర్ తన అంతర్యుద్ధం పుస్తకంలో ఆ నది పేరే ఎత్తడు. క్రీ.పూ. 49 జనవరిలో సైన్యంతో నది అవతలి ఊరు అరిమినం వెళ్ళాను అంటాడు అంతే, చట్టం దాటిన చోటుని మెల్లగా దాటేశాడు. పాచిక మాట మనకి జీవితచరిత్రలు రాసిన సూటోనియస్‌లోనూ ప్లూటార్క్‌లోనూ దొరుకుతుంది, ఇద్దరూ నూట యాభై ఏళ్ళు పైబడిన తర్వాతివాళ్ళు, ప్లూటార్క్ అయితే సీజర్ ఆ మాట గ్రీకులో అన్నాడంటాడు. సూటోనియస్ ఇంకొకటి కలిపాడు, గట్టు మీద ఒక భారీ ఆకారం పిల్లనగ్రోవి ఊదుతూ కనబడిందట, అది ఒక సైనికుడి బాకా లాక్కుని ఊదుకుంటూ నది దాటిందట. మాటని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం, ఆ రోజు సీజర్ పక్కన అసినియస్ పోలియో ఉన్నాడని ప్లూటార్కే చెప్తాడు, పోలియో ఆ యుద్ధాల చరిత్ర రాశాడు కూడా, ఆ పుస్తకం మనకి దక్కలేదు.

ప్రశ్న: శకునాలు, అద్భుతాలు పేజీలకి పేజీలు రాస్తారు కదా, వీళ్ళు అవన్నీ నిజంగా నమ్మేవాళ్ళా?

జవాబు: రోమ్‌లో బతికిన గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ అయితే దేవుళ్ళ భయమే ఈ రాజ్యాన్ని నిలబెడుతోంది, జనాన్ని అదుపులో పెట్టడానికే ఈ తంతంతా అని తేల్చేశాడు. లివీ కూడా రోమ్ తొలి రాజుల్లో ఒకడైన నూమా రాత్రిళ్ళు ఈజీరియా దేవతని కలుస్తున్నట్టు నటించాడని రాశాడు. అదే లివీ రాళ్ళవాన పడింది, ఎద్దు మాట్లాడింది అని ఏడాదికేడాది వరస పెట్టి రాస్తాడు. 43వ పుస్తకంలో దీనికి కారణం చెప్పుకున్నాడు, ఇప్పుడివి ఎవరూ పట్టించుకోరు కానీ పాతకాలం గురించి రాస్తుంటే నా మనసు కూడా ఆ కాలానిదే అయిపోతుంది, అప్పటి వివేకవంతులు పట్టించుకున్నవాటిని నేను తీసిపారేయలేను అని. ఇంత నిజాయితీగా చెప్పినవాళ్ళు నాకు తక్కువ కనబడ్డారు.

నమ్మారా లేదా అని మనం అడుగుతాం గానీ వాళ్ళకి అది ప్రభుత్వ పని, శకునం చూసే హక్కు ఎవరిది అన్నది అధికారం గొడవే. క్రీ.పూ. 59లో కాన్సుల్ బిబులస్ ఇంట్లో తలుపులేసుకుని ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ప్రకటించాడు, ఎందుకంటే అలా చూస్తుండగా చేసిన చట్టాలు చెల్లవు, ఆ చట్టాలు తోటి కాన్సుల్ సీజర్‌వి, ఆ సీజర్ అప్పటికే రోమ్ ప్రధాన పూజారి. టాసిటస్ కూడా పూజారి పదవి చేసినవాడే. అలెగ్జాండ్రియాలో వెస్పాసియన్ ఒక గుడ్డివాడికి చూపు తెప్పించాడన్న కథ ఆయన ఎలా చెప్తాడో చూడండి, ముందు వైద్యుల్ని సంప్రదించాడనీ చెప్తాడు, చూసినవాళ్ళు ఇప్పటికీ అదే చెప్తున్నారు, అబద్ధమాడితే ఇప్పుడు వాళ్ళకొచ్చే లాభమేమీ లేదు అనీ చెప్తాడు, కొత్త చక్రవర్తికి ఆ మహిమ ఎంత అవసరమో మాత్రం చదివేవాళ్ళకే వదిలేస్తాడు.

ప్రశ్న: బయటి యుద్ధాలకంటే అంతర్యుద్ధం గురించి రాసేటప్పుడే వీళ్ళకి అంత బాధ ఎందుకు?

జవాబు: చంపేదీ చచ్చేదీ మనవాళ్ళే కాబట్టి. క్రీ.శ. 69లో ఒక్క ఏడాదిలో గాల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పాసియన్ అని నలుగురు చక్రవర్తులు, జనవరి 15న గాల్బాని ఫోరమ్‌లోనే నరికేశారు. చక్రవర్తిని రోమ్ బయట కూడా తయారుచెయ్యొచ్చన్న రహస్యం బట్టబయలైంది అంటాడు టాసిటస్, రైన్ నది దగ్గర సైన్యం విటెల్లియస్‌ని, తూర్పు సైన్యం వెస్పాసియన్‌ని నిలబెట్టాయి మరి. ఆ శరత్తులో ఉత్తర ఇటలీలోని క్రెమోనా దగ్గర ఈ ఇద్దరి పక్షాల మధ్య రాత్రంతా జరిగిన యుద్ధంలో ఒక కుర్రాడు ఎదురుపక్షం సైనికుణ్ణి పడగొట్టి, ఒళ్ళు వెతుకుతుంటే అది తన తండ్రి అని తెలిసింది, తండ్రి ప్రాణం ఇంకా పోలేదు. కుర్రాడు ఏడుస్తూ గుంట తవ్వి పాతిపెట్టాడు, చుట్టూ ఉన్నవాళ్ళు యుద్ధాన్ని తిట్టుకున్నారు, తిట్టుకుంటూనే చంపడమూ దోచుకోవడమూ ఆపలేదు. ఇది అక్కడ ఉన్న మెస్సాల్లా చెప్పాడని టాసిటస్ పేరు పెట్టి మరీ రాస్తాడు. కొంచెం తర్వాత ఇంకో సైనికుడు, మా అన్నదమ్ముణ్ణి చంపాను, బహుమానం ఇవ్వండి అని అడిగాడట. పాత అంతర్యుద్ధంలో ఇలాగే తోబుట్టువుని చంపినవాడు తెలియగానే పొడుచుకు చచ్చాడని గుర్తుచేసి, అప్పటివాళ్ళలో మంచీ ఎక్కువే, చేసిన తప్పుకి పశ్చాత్తాపమూ ఎక్కువే అంటాడు టాసిటస్.

డిసెంబర్‌లో కాపిటల్ కొండ మీద జూపిటర్ గుడి కాలిపోయింది. పూర్వం రోమ్ మీదకొచ్చిన ఎట్రుస్కన్ రాజు పోర్సెన్నా ముట్టుకోలేకపోయాడు, గాల్‌లు ఊరు పట్టుకుని కూడా పాడుచెయ్యలేకపోయారు, అది మన చక్రవర్తుల పిచ్చికి బూడిదైంది అని టాసిటస్ రాస్తాడు, మతం గురించీ అధికారం గురించీ ఆయన బాధంతా ఒక్కచోట బయటపడింది అక్కడే. ఆ తర్వాత వీధుల్లో యుద్ధం, జనం మేడల మీద నుంచి ఆటలు చూసినట్టు చప్పట్లు కొడుతూ చూశారు, దాక్కున్న సైనికుల్ని లాగి చంపమని అరిచారు, ఒకపక్క శవాలు, ఇంకోపక్క స్నానశాలలూ మద్యం దుకాణాలూ తెరిచే ఉన్నాయి.

ప్రశ్న: చక్రవర్తుల కాలంలో ఇవన్నీ స్వేచ్ఛగా రాయనిచ్చేవారా?

జవాబు: ఎవరు ఏలుతున్నారన్నదాన్ని బట్టి. మొదటి చక్రవర్తి ఆగస్టస్ తన ఘనకార్యాల చిట్టాలో తన ప్రత్యర్థి ఆంటోనీ, సీజర్‌ని చంపిన బ్రూటస్, కాసియస్ పేర్లే రాయలేదు, కానీ సీజర్‌తో పోరాడిన పాంపే పక్షం మెచ్చుకున్న లివీని పాంపేవాది అని పిలిచి ఊరుకున్నాడు. తర్వాత చక్రవర్తి అయిన క్లాడియస్ చిన్నప్పుడు అంతర్యుద్ధాల చరిత్ర మొదలుపెడితే తల్లీ నాయనమ్మా ఆపించారు, నాయనమ్మ ఆగస్టస్ భార్యే మరి. చరిత్రకారుడు క్రెముటియస్ కోర్డస్ బ్రూటస్‌ని మెచ్చుకున్నాడు, కాసియస్‌ని చివరి రోమన్ అన్నాడు, అందుకు క్రీ.శ. 25లో కేసు పెట్టారు, ఆయన తిండి మానేసి చనిపోయాడు, సెనేట్ పుస్తకాలు తగలబెట్టించింది, కూతురు మార్సియా వాటిని కాపాడింది. తర్వాతి కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో ఇంకా సూటిగా చెప్తాడు, ఒక్కడి పాలన వచ్చాక నిర్ణయాలన్నీ చాటుగా జరుగుతాయి, బయటికి ప్రకటించినదాన్ని కూడా సరిచూసుకునే దారి ఉండదు కాబట్టి చరిత్ర రాయడం కష్టమైపోయింది అని.

ప్రశ్న: మొదటిసారి చదివేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టాసిటస్ హిస్టరీస్ మూడో పుస్తకం. క్రెమోనా, గుడి మంటలు, వీధుల్లో చప్పట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. పేర్లు ఎక్కువై తికమకగా ఉంటే ఆ నలుగురు చక్రవర్తుల పేర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి చాలు.