ఆదివారం విన్న వాక్యం సోమవారానికి గుర్తుండకపోతే

వందనాలు సిస్టర్. ప్రసంగం వినేటప్పుడు కన్నీళ్లు వస్తున్నాయి, సోమవారం ఇంట్లో అదే కోపం, చార్టు పెట్టుకుని ఏడాదిలో బైబిల్ పూర్తి చేద్దామంటే మూడో పుస్తకం లేవీయకాండంలోనే ఆగిపోయాను అని రాశారు. నేనూ అక్కడే రెండుసార్లు ఆగాను, టెన్షన్ పడకండి.

ఆ చార్టు కొన్నాళ్లు పక్కన పెట్టి యాకోబు పత్రిక తీయండి, అది కొత్త నిబంధనలోని ఒక చిన్న ఉత్తరం. 5 అధ్యాయాలు, 108 వచనాలే. నిదానంగా చదివినా అరగంట పట్టదు. వాక్యం విని దాని ప్రకారం చేయనివాడు అద్దంలో ముఖం చూసుకుని, వెళ్లగానే తానెలా ఉన్నాడో మరచిపోయేవాడిలాంటివాడని మొదటి అధ్యాయంలోనే ఉంది. మన సమస్య కొత్తదేం కాదు!

మీరు కోపం గురించి అడిగారు కాబట్టి 1:19, అంటే మొదటి అధ్యాయం 19వ వచనం, ఒక్కటే వారమంతా పట్టుకోండి. వినడానికి తొందరపడాలి, మాట్లాడడానికీ కోపానికీ నిదానించాలి అని దాని సారం. చీటీ మీద రాసి గ్యాస్ స్టవ్ దగ్గర అంటించండి, ఎందుకంటే మా ఇంట్లో గొడవలన్నీ వంటింట్లోనే మొదలవుతాయి. అత్తగారు ఏదైనా అంటే ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఈ వారానికి అంతే. నోరు జారితే ఆ రాత్రే "తప్పయింది అత్తయ్యా" అనేయండి. నాకైతే చదవడం కన్నా ఇదే కష్టమైంది.

పాత అనువాదంలోని గ్రాంథిక భాష అడ్డొస్తే వాడుక తెలుగు బైబిల్ తీసుకోండి, తప్పేం లేదు. బస్సులో ఆడియో వినండి. యాకోబు అయ్యాక మార్కు సువార్త, 16 అధ్యాయాలు.