అక్క మజ్జ సరిపోయిందన్నారు... మరి ఆ పరీక్ష చేశారా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఒంటి మీద తరచూ కమిలిన మచ్చలు వస్తుంటే రక్తపరీక్షలు చేయించాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ‘ఫాంకోనీ అనీమియా’ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జన్యుజబ్బు) అని తేల్చి, స్టెమ్‌సెల్స్ (మజ్జలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) మార్పిడి చేయించమన్నారు. మాది మేనరికం. పదేళ్ల మా పాపతో హెచ్ఎల్ఏ (దాత కణాలు సరిపడతాయో లేదో చెప్పే కణాల గుర్తులు) పూర్తిగా సరిపోయిందట. మజ్జ తీస్తే పాపకు ప్రమాదమా? బాబు పుట్టినప్పుడు దాచిన బొడ్డుతాడు రక్తం వాడకూడదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, తోబుట్టువుతో హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఆ అదృష్టం మీకు దక్కింది. కానీ పాపను దాతగా ఖాయం చేసేముందు ఒకటి అడగండి: తనకూ ఈ జబ్బు ఉందో లేదో తేల్చే ‘క్రోమోజోమ్ బ్రేకేజ్’ పరీక్ష చేశారా? ఈ జబ్బు ఎక్కువగా అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడే వస్తుంది. మీకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ ముప్పు పాతిక శాతం. కొందరు పిల్లల్లో బొటనవేలు మరీ చిన్నగా ఉంటుంది, చర్మంపై పాలకాఫీ రంగు మచ్చలుంటాయి. కొందరిలో పైకి ఏమీ తెలియదు. చలాకీగా బడికెళ్లే పిల్లలోనూ జబ్బు దాగి ఉండొచ్చు. అలాంటి మజ్జ ఎక్కిస్తే బాబుకు మళ్లీ అదే జబ్బును ఇచ్చినట్టవుతుంది.

బాబు బొడ్డుతాడు రక్తం పనికిరాదు. అందులోనూ అదే లోపం ఉంటుంది. ప్రపంచంలో మొదటి బొడ్డుతాడు రక్తమార్పిడి 1988లో పారిస్‌లో జరిగింది. అదీ ఈ జబ్బున్న అబ్బాయికే. అయితే ఆ రక్తం అతనిది కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది. ఆమెకు ఈ జబ్బు లేదని కడుపులో ఉండగానే పరీక్షించి చూశారు.

పాప గురించి టెన్షన్ పడకండి. మత్తిచ్చి, నడుము వెనక ఎముక నుంచి సూదితో మజ్జ తీస్తారు. నాలుగైదు రోజులు అక్కడ నొప్పి ఉంటుంది. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. మత్తుతో ఉండే కొద్దిపాటి రిస్క్ తప్ప పెద్ద ప్రమాదం అరుదు.

అసలు కష్టం బాబుకే. మార్పిడికి ముందు పాత మజ్జను తొలగించడానికి కీమో మందులు ఇస్తారు. ఈ పిల్లల కణాలు వాటిని తట్టుకోలేవు. మామూలు డోసు ఇస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఫాంకోనీ పిల్లలకు మార్పిడి చేసిన అనుభవమున్న టీమ్‌నే ఎంచుకోండి, డోసు ఎంత తగ్గిస్తారో అడగండి. మార్పిడి రోజు ఆపరేషన్ ఉండదు. స్టాండుకు ఒక సంచి వేలాడదీసి, రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. ‘ఇంతేనా?’ అనుకుంటారు తల్లిదండ్రులు. కొత్త కణాలు నాటుకోవడానికి పట్టే రెండు నుంచి నాలుగు వారాలే గండం. అప్పటిదాకా ఇన్ఫెక్షన్ సోకకుండా విడిగా ఉంచుతారు. అక్క కణాలు బాబు శరీరంపై దాడి చేయకుండా ఆ తర్వాత కూడా నెలల తరబడి మందులు వాడాలి.

మార్పిడితో రక్తం బాగుపడుతుంది, మిగతా శరీరంలో లోపం అలాగే ఉంటుంది. నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఎక్కువ కాబట్టి జీవితాంతం చెకప్‌లు తప్పవు.

ఈలోగా రక్తం అవసరమైతే మేనమామో బాబాయో ఇస్తామని ముందుకొస్తారు. దయచేసి వద్దనండి. దగ్గరి బంధువుల రక్తం ఎక్కితే, రేపు అక్క మజ్జను బాబు శరీరం తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. బ్లడ్‌బ్యాంకు నుంచి, రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించమని మీ డాక్టర్‌ను అడగండి.