తక్కువే తింటున్నా తూకం కదలదేం?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మూడు నెలలుగా ఫోన్ యాప్‌లో రాసుకుంటూ రోజుకు 1200 క్యాలరీలు దాటకుండా తింటున్నాను. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, కూర, మజ్జిగ. రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు, కూర. టీ మూడుసార్లు. నూనె కూడా తగ్గించాం, నలుగురికి నెలకు ఐదు లీటరు ప్యాకెట్లే. రోజూ 45 నిమిషాలు నడుస్తాను. ఇన్నాళ్లకు తగ్గింది 600 గ్రాములు. థైరాయిడ్ పరీక్ష నార్మలే. నా ఒంటి తీరే ఇంతా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఒంటి తీరు కాదు, లెక్క తప్పింది. మీ వయసు, ఎత్తు, బరువును బట్టి ఉన్న బరువు నిలబడటానికి మీకు రోజుకు సుమారు 1900 క్యాలరీలు కావాలి. నిజంగా 1200తో సరిపెట్టుకుని ఉంటే మూడు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గాలి. ఎందుకంటే కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7700 క్యాలరీల లోటు పడాలి. మీకు తగ్గింది 600 గ్రాములంటే పడిన లోటు రోజుకు 50 క్యాలరీలు మాత్రమే. అంటే మీరు తింటున్నది 1850 దరిదాపుల్లో ఉంది.

మీరు అబద్ధం రాశారని కాదు. 1200 లోపే తింటున్నా తగ్గడం లేదన్న వాళ్లను పరీక్షించిన ఒక పరిశోధన 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. వాళ్ల జీవక్రియలో లోపమేమీ కనబడలేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారని తేలింది. తెలిసి చేసిన పని కాదది. వంటింట్లో కంటికి ఆనని వస్తువులు కొన్ని ఉంటాయి.

మొదటిది నూనె. లీటరు ప్యాకెట్ మీద నికర బరువు 910 గ్రాములని ఉంటుంది. ఐదు ప్యాకెట్లు, నలుగురు, 30 రోజులు: తలా రోజుకు 38 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీల చొప్పున 340. యాప్‌లో ‘వంకాయ కూర, ఒక కప్పు’ అని నొక్కితే అది ఎవరి ఇంటి వంకాయ కూరో మనకు తెలియదు. మన బాండీలో నూనె పైకి తేలితే గానీ కూర దించం కదా! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల భోజనానికే నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలంది.

ఇప్పుడు మీరు రాసిన రోజునే మళ్లీ లెక్క కడదాం. ఇడ్లీలు 180. చట్నీలో పడే గుప్పెడు పల్లీలు 30 గ్రాములుంటాయి, అవి 170. కప్పు అన్నం 200. పప్పు 130. మజ్జిగ 60. కూరగాయలు 60. చపాతీల పిండి 105 గ్రాములు, 350. చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు, రెండు టీ స్పూన్ల పంచదార పడిన టీ ఒక్కోటి 125, మూడుకి 375. నూనె 340. మొత్తం 1865. పిల్లలు కంచంలో వదిలేసిన ముద్దలు, డబ్బా మూత తీసినప్పుడు నోట్లో పడ్డ కారప్పూస ఇందులో లేవు.

రాత్రి అన్నానికి బదులు చపాతీ తింటే సన్నబడతామన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. మూడు చపాతీల పిండికి 350, ఒక్కోదాని మీద టీ స్పూన్ నూనెకు 40 చొప్పున 120 (ఇది పై ఐదు ప్యాకెట్లలోదే). అంటే 470. ఒకటిన్నర కప్పుల అన్నం 300. తిండి మారింది గానీ తగ్గలేదు.

అన్నం మీద ఇంకా కత్తి దూయనక్కర్లేదు. ఈ మూడు చేయండి. ఒకటి, నూనె తలా 20 మిల్లీలీటర్లు. నలుగురికి వారానికి 560 మిల్లీలీటర్లు విడిగా ఒక సీసాలో పోసి పెట్టుకోండి. శుక్రవారానికే సీసా ఖాళీ అయితే తప్పు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. రెండు, టీ రెండుసార్లే, 3 శాతం వెన్న ఉన్న పాలతో, అర టీ స్పూన్ పంచదారతో, ఒక్కోటి 70. మూడు, చట్నీలో పల్లీలు సగానికి తగ్గించి, ఆ సగం వేయించిన సొరకాయ తొక్కో టమాటానో వేయండి. వీటితో నూనెలో 175, టీలో 235, చట్నీలో 85 తగ్గి దాదాపు 1370కి వస్తారు. లోటు రోజుకు 500 పైన, అంటే వారానికి అర కిలో అటూఇటూ.

నూనె తగ్గించగానే ‘కూర చప్పగా ఉంది, మాడింది’ అనే ఫిర్యాదు వస్తుంది. అడుగు మందంగా ఉన్న బాండీ తీసుకోండి. పోపు నాలుగు టీ స్పూన్లతోనే వేసి, ఉల్లిపాయలకు ముందే ఉప్పు చల్లి మూత పెడితే వాటి నీటిలోనే మగ్గుతాయి. అడుగంటుతుంటే నూనె కాదు, గుప్పెడు నీళ్లు చిలకరించండి. వంకాయ, బెండకాయ, ఆలుగడ్డ వేపుళ్లు మాత్రం నూనె తాగేస్తాయి. వాటిని ముందు ఆవిరి మీద సగం ఉడికించి ఆపైన వేయించాలి. ఇంకో పొరపాటు స్పూన్ దగ్గరే. పోపుల డబ్బా పక్కన ఉండే స్పూన్‌తో ఒకసారి నీళ్లు కొలిచి చూడండి. చాలా ఇళ్లలో అది 5 కాదు, 10, 15 మిల్లీలీటర్లు పడుతుంది.

రెండు వారాల పాటు వంటింటి డిజిటల్ కాటా మీద తూచి రాసుకోండి. అన్నం తూచితే యాప్‌లో కూడా ‘వండినది’ అనే నమోదు చేయాలి. 100 గ్రాముల బియ్యం 350 క్యాలరీలు, 100 గ్రాముల అన్నం 130. కూరకైతే ఖాళీ గిన్నె బరువు రాసిపెట్టుకుని, వండాక మొత్తం తూచి, మీ వాటా ఎన్నో వంతో చూడండి. రెండు వారాలయ్యాక కాటా అక్కర్లేదు, కన్నే తూస్తుంది.

నడక మానకండి, కానీ దాన్ని తిండి ఖాతాలో జమ వేయకండి. 45 నిమిషాల్లో మూడున్నర కిలోమీటర్లు నడిస్తే మీ బరువుకు అదనంగా ఖర్చయ్యేది సుమారు 130. కూర్చున్నా ఖర్చయ్యేదాన్ని కూడా కలిపి చేతి వాచీ ఎక్కువ చూపిస్తుంది. యాప్ ఆ అంకెను మీ కోటాకు కలిపేస్తుంటే ఆ సెట్టింగ్ ఆపేయండి.

మీ భోజనంలో ప్రొటీన్ కూడా తక్కువే. రోజుకు 65 గ్రాములు చేరాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. చపాతీ ఒకటి తీసేసి రాత్రి 40 గ్రాముల మీల్‌మేకర్ (20 గ్రాముల ప్రొటీన్) లేదా రెండు గుడ్లు చేర్చండి. వారంలో రెండు రోజులు ఇడ్లీకి బదులు, 60 గ్రాముల పెసలతో, ఉప్మా లేని పెసరట్లు వేసుకోండి.

ప్రశ్న: వయసు 46. షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు తింటూ 82 నుంచి 76 కిలోలకు వచ్చాను. రెండు నెలలుగా అక్కడే ఆగిపోయింది. మరీ తక్కువ తింటే ఒళ్లు కొవ్వును పట్టి ఉంచుతుందంటున్నారు, నిజమా? రాత్రి భోజనం కూడా మానేద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రాత్రి భోజనం మీ అంతట మీరు మానేయకండి. గ్లిమెపిరైడ్ వేసుకుని పూట మానేస్తే షుగర్ పడిపోతుంది. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వెళుతుంది. పైగా ఈ మందుకు కాస్త బరువు పెంచే గుణముంది. మెట్‌ఫార్మిన్‌కు లేదు. బరువు తగ్గే కొద్దీ మందు మోతాదు మార్చాల్సి రావచ్చు కాబట్టి ఈ మాట మీ డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినట్టే మార్చుకోండి. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ కూడా బరువు పెంచేవే. వీటిలో ఏదీ సొంతంగా ఆపకూడదు.

తక్కువ తింటే బరువు ఆగిపోతుందన్న మాట నిజం కాదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలల పాటు తిండి సగం చేస్తే వాళ్ల బరువు నాలుగో వంతు దాకా తగ్గింది. ఒళ్లు ఖర్చు తగ్గించుకునే మాట మాత్రం నిజం. తగ్గిన ఒక్కో కిలోకు రోజువారీ అవసరం 20–25 క్యాలరీలు తగ్గుతుంది. మీ ఆరు కిలోలకు 120–150. మొదట్లో లోటు మిగిల్చిన భోజనమే ఇప్పుడు సరిగ్గా సరిపోతోంది.

చిరుధాన్యాల సంగతి. కొర్రలు 100 గ్రాములకు 330–350 క్యాలరీలు, బియ్యానికి దాదాపు సమానం. పీచు వల్ల కడుపు నిండుతుందే తప్ప, ‘మిల్లెట్సే కదా’ అని ఇంకో గరిటె వేసుకుంటే ఫలితం అన్నంతో వచ్చిందే వస్తుంది. పూటకు పచ్చివి 60 గ్రాములు కొలిచి వండండి. ఆదివారం లెక్క కూడా చూసుకోండి: ఆరు రోజులు 200 చొప్పున మిగిల్చిన 1200ను ఒక పూట బిరియానీ, కూల్‌డ్రింక్, డబుల్ కా మీఠా కలిసి తినేయగలవు.

ప్రశ్న: థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును చూపే రక్త పరీక్ష) ఇప్పుడు నార్మల్. అయినా బరువు తగ్గలేదు. థైరాయిడ్ ఉన్నవాళ్లు ఇక తగ్గరా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తగ్గుతారు. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చాక మిగిలిన కిలోలను థైరాయిడ్ మీదికి నెట్టలేం. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్లీ పరీక్ష.

ప్రశ్న: జిమ్‌లో చేరి మూడు వారాలైంది. తిండి తగ్గించాను. బరువు 1.2 కిలోలు పెరిగింది! మానేయాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానకండి. అలవాటు లేని బరువులెత్తితే కండరాల్లో స్వల్పంగా వాపు వచ్చి నీరు చేరుతుంది. కండరం ఇంధనంగా దాచుకునే పిండిపదార్థం గ్లైకోజెన్. దాని ఒక్కో గ్రాము వెంట మూడు గ్రాముల నీరుంటుంది. నెలసరి ముందు ఒకటి రెండు కిలోలు, రాత్రి ఆవకాయ దండిగా తింటే తెల్లారికి అర కిలో పెరగడం మామూలే. పొద్దున లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, ఏమీ తాగకముందు రోజూ తూచి వారం సగటు రాసుకోండి. ఈ వారాన్ని పోయిన వారంతో కాక, గత నెలసరి తర్వాతి ఇదే వారంతో పోల్చండి. టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలత రెండు వారాలకోసారి తీయండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మేలు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా ముందు గైనకాలజిస్టును కలవండి. బరువు వేలి వెడల్పు ఎర్రటి చారలతో పొట్ట దగ్గరే వేగంగా పెరుగుతుంటే అదీ ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.